చెప్పకపోతేనే మంచిదని ఎవరు తేల్చారు?

కర్ణపర్వంలో కౌశికుడి కథ ఒకటుంది. భారతం బాగా తెలిసినవాళ్లలో కూడా చాలామందికి అది గుర్తుండదు. కర్ణుడి బాణాలకి ఒళ్లంతా గాయాలై శిబిరానికి తిరిగొచ్చిన ధర్మరాజు, కర్ణుణ్ణి ఇంకా చంపలేదన్న కోపంలో, నీ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని అర్జునుడి మీద విరుచుకుపడతాడు. గాండీవం వేరేవాళ్లకి ఇవ్వమన్నవాడి తల తీస్తానని అర్జునుడికి ఎప్పటిదో ప్రతిజ్ఞ. మాటంటే మాటే కాబట్టి సొంత అన్న మీదికే కత్తి దూస్తాడు. అప్పుడు కృష్ణుడు ఆపి రెండు చిన్న కథలు చెప్తాడు.

కౌశికుడు ఊరికి దగ్గర్లో, నదులు కలిసేచోట తపస్సు చేసుకునే బ్రాహ్మడు. ఏం జరిగినా నిజమే చెప్పాలన్నది ఆయన వ్రతం. ఒకరోజు దొంగలు తరుముతుంటే కొంతమంది ప్రాణాలు అరచేత పట్టుకుని ఆయన ఉన్న వైపునించే అడవిలోకి పారిపోయారు. వెనకాలే దొంగలొచ్చి, వాళ్లు ఎటు పోయారో నిజం చెప్పమని అడిగారు. ఆయన చెప్పేశాడు. వాళ్లు వెళ్లి అందర్నీ చంపేశారు. అబద్ధం ఆడని ఆ మనిషి ఘోరమైన నరకానికి పోయాడంటాడు కృష్ణుడు. అంతటితో ఆగకుండా ఇంకో మాట కూడా అంటాడు: నోరు మూసుకుని ఉంటే సరిపోయేచోట అసలు మాట్లాడకు, మాట్లాడక తప్పదనుకుంటే, లేదా మాట్లాడకపోతేనే అనుమానం వస్తుందనుకుంటే, అక్కడ నిజం కంటే అబద్ధమే మేలు.

జర్మన్ తత్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1797లో అచ్చం ఇదే ప్రశ్న మీద ఒక వ్యాసం రాశాడు. మీ స్నేహితుడు మీ ఇంట్లో దాక్కున్నాడు, అతన్ని చంపడానికి వచ్చినవాడు మీ గుమ్మంలో నిలబడి లోపల ఉన్నాడా అని అడుగుతున్నాడు, ఏం చెప్తారు? కాంట్ అబద్ధం చెప్పకూడదన్నాడు. ఆయన వాదన వినడానికి విచిత్రంగా ఉంటుంది కానీ కొట్టిపారెయ్యలేం. మీరు లేడని అబద్ధం చెప్పారు, ఆ స్నేహితుడేమో మీకు తెలీకుండా దొడ్డిదారిన బయటికి వెళ్లాడు, వెనక్కి తిరిగిన హంతకుడికి వీధిలోనే దొరికిపోయాడు. అప్పుడు ఆ చావులో మీకూ భాగం ఉంటుంది. తర్వాత ఏమవుతుందో మన చేతుల్లో ఉండదు, నిజం చెప్పడం ఒక్కటే మన చేతుల్లో ఉంటుంది, కాబట్టి అది వదలొద్దు అంటాడు. ఆయన లెక్క ప్రకారం కౌశికుడి తప్పేమీ లేదు.

నేను ఇక్కడ కృష్ణుడి వైపే. మనుషులు చచ్చిపోతారని కళ్లెదురుగా కనిపిస్తున్నా నా వ్రతం నాదే అనుకోవడం ధర్మం కాదు. తన పుణ్యం చెడకుండా చూసుకోవడానికి ఆ జనం ప్రాణాలు ఖర్చు పెట్టాడు ఆయన. ఫలితంతో నాకు సంబంధం లేదనే మనిషిని నేనెప్పుడూ పూర్తిగా నమ్మలేను.

కానీ కృష్ణుడు చెప్పిన ఇంకో కథ దగ్గర నాకు పేచీ ఉంది. బలాకుడనే వేటగాడు ముసలి తల్లిదండ్రుల్నీ పెళ్లాం పిల్లల్నీ పోషించుకోవడానికి వేటాడేవాడు. ఒకరోజు నీళ్లు తాగుతున్న ఒక గుడ్డి జంతువుని కొట్టి చంపాడు. ఆకాశం నించి పూలవాన కురిసింది, విమానం వచ్చి స్వర్గానికి తీసుకుపోయింది, ఎందుకంటే ఆ జంతువు సమస్త ప్రాణుల్నీ నాశనం చేసే వరం పొందిందట. ఆ సంగతి బలాకుడికి తెలీదు! వాడు ఇంట్లోకి కూర కోసం కొట్టాడంతే. పర్యవసానం బాగుంది కాబట్టి పుణ్యం వచ్చిందంటే, అది అదృష్టానికి కట్టిన పుణ్యం. మన చట్టాల్లోనూ కొంతవరకు ఇదే ఉంది. ఇద్దరు ఒకే బార్లో ఒకేలా తాగి ఒకే రోడ్డు మీద బండి నడుపుతారు, ఒకడికి ఎవరూ అడ్డం రారు, పోలీసులకి దొరికితే మొదటిసారి పదివేల జరిమానా, లేదా ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ. రెండోవాడికి ఎవరో అడ్డం వచ్చి ప్రాణం పోతుంది, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు భారతీయ న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ల దాకా శిక్ష. వాళ్లిద్దరి మనసులో తేడా ఏముంది? ఏమీ లేదు. అందుకే మనిషిని ఫలితంతో తూచేటప్పుడు, ఆ ఫలితం పని చేసే ముందు వాడికి కనిపించిందా, కనీసం చూడాలనుకుంటే కనిపించేదా అన్నది నాకు ముఖ్యం. కౌశికుడికి కనిపించింది. బలాకుడికి కనిపించలేదు.

ఇంతవరకు పెద్ద చిక్కేమీ లేదు. అసలు చిక్కు వేరేచోట ఉంది. ఫలితం మంచిదా చెడ్డదా అని ఎవరు తేలుస్తున్నారు, ఆ ఫలితం ఎవరి మీద పడుతోంది?

మన తెలుగువాళ్లకి ఈ లెక్క కొత్తేమీ కాదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యాలంటారు. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన పద్యం బళ్లో చదివినవాళ్లందరికీ గుర్తుంటుంది. ఆడవాళ్ల దగ్గర, పెళ్లిళ్ల విషయంలో, ప్రాణం డబ్బు మానం పోయేచోట, ఆవుల్నీ బ్రాహ్మల్నీ కాపాడాల్సి వచ్చినప్పుడు బొంకవచ్చు, పాపం రాదు అని జాబితా ఇచ్చేస్తాడు. అలాంటి జాబితానే కర్ణపర్వంలో కృష్ణుడూ చెప్తాడు. మరి వెయ్యి అబద్ధాలతో చేసిన పెళ్లి ఫలితం ఎవరి మీద పడింది? అబ్బాయికి మూర్ఛ వస్తుందన్న సంగతి దాచి పెళ్లి చేసినవాళ్లు భోజనాలు చేసి తాంబూలాలు పుచ్చుకుని వెళ్లిపోతారు. బీరువాలో బట్టల కింద మాత్రల స్ట్రిప్పు కనిపించి అదేంటో తెలీక చేతిలో పట్టుకుని నిలబడేది ఆ అమ్మాయి. పెళ్లయింది కదా, మంచే జరిగింది కదా అని మిగతా అందరూ అనుకుంటారు, ఆ అమ్మాయిని మాత్రం ఎవరూ అడగరు. మూర్ఛకి మంచి మందులున్నాయి, ముందే చెప్తే ఆ అమ్మాయి సరేననేదేమో కూడా. ఆ సరే అనే అవకాశాన్నే వాళ్లు తీసేసుకున్నారు.

బలి ఆ సలహా వినలేదు. రాజ్యం పోతుందని తెలిసే ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు. నాకు బలి మీద గౌరవం ఎందుకంటే, పోయింది తన సొమ్ము, కాలు పెట్టించుకుంది తన నెత్తిమీద. హరిశ్చంద్రుడి దగ్గరికొచ్చేసరికి నాకు అంత సులువుగా ఉండదు. మా ఊళ్లో శివరాత్రికి హరిశ్చంద్ర నాటకం వేసేవాళ్లు, కాటిసీను దగ్గర ఆడవాళ్లంతా కొంగుతో కళ్లు తుడుచుకునేవాళ్లు. వాళ్లు ఏడ్చింది హరిశ్చంద్రుడి కోసం కంటే చంద్రమతి కోసమని నాకిప్పుడు అనిపిస్తుంది. మాట ఇచ్చింది ఆయన, అమ్ముడుపోయింది ఆవిడ, పాము కరిచింది పిల్లాడిని.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి పెద్ద జబ్బు వస్తే ఏం చేస్తున్నామన్నది నన్ను చాలాకాలంగా పట్టి పీడిస్తోంది.

మా పెద్దమ్మది తెనాలి దగ్గర ఊరు. పెదనాన్న ముందే పోయారు. ఆవిడ చదివింది ఐదో క్లాసే అయినా వారపత్రిక వస్తే మొదటి పేజీ నించి చివరి పేజీలో రాశిఫలాల దాకా వదలకుండా చదివేది. పొట్ట ఉబ్బుతోందని అన్నయ్యలు విజయవాడ తీసుకెళ్లి స్కానింగ్ చేయించారు. అండాశయంలో క్యాన్సర్, బాగా ముదిరిందని డాక్టరుగారు అన్నయ్యల్నే లోపలికి పిలిచి చెప్పారు, పెద్దమ్మ బయట కుర్చీలో కూచుని ఉంది. కారెక్కే ముందే అన్నయ్యలిద్దరూ మాట అనుకున్నారు. అమ్మకి చెప్పొద్దు. తట్టుకోలేదు. గర్భసంచిలో నీరు చేరిందని చెప్దాం.

అక్కణ్ణించి ఇల్లంతా ఆ అబద్ధం చుట్టూ తిరిగింది. రిపోర్టుల ఫైలు మీద ఆస్పత్రి పేరుతో పాటు క్యాన్సర్ అన్న ముక్క కూడా ఉంటుందని దాన్ని ఒక బట్టల షాపు కవర్లో పెట్టి తీసుకెళ్లేవాళ్లు. కీమోని బలానికి ఎక్కించే సెలైన్ అన్నారు. జుట్టు ఊడితే మందుల వేడి అన్నారు, మజ్జిగ ఎక్కువ తాగమన్నారు. చూడ్డానికొచ్చేవాళ్లని వీధి అరుగు మీదే ఆపి, ఇదిగో ఇలా చెప్పాం, మీరూ అలాగే అనండి, ఏడవకండి అని చెప్పి లోపలికి పంపేవాళ్లు. ఇంత చేసింది ప్రేమతోనే, అందులో నాకు రవ్వంత అనుమానం లేదు. చిన్నన్నయ్య రాత్రిళ్లు గొడ్లసావిట్లోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, ఏమ్మా ఇవాళ ముద్ద ఎక్కువ తిన్నావే అని నవ్వుతూ పలకరించేవాడు. అలా నవ్వడానికి ఎంత ఓపిక కావాలో తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఒక మధ్యాహ్నం నేనూ ఆవిడా ఇద్దరమే ఉన్నాం. మంచం మీద దిండుకి చేరబడి, నేను బత్తాయి వొలుస్తుంటే చూస్తూ ఉంది. ఉన్నట్టుండి, “ఏమ్మా, ఆ ఆస్పత్రి గోడల నిండా తెలుగులోనే రాసుంది కదా, నాకు చదవడం రాదనుకున్నారా వీళ్లు?” అంది. నా చెయ్యి ఆగిపోయింది. ఆవిడే మళ్లీ అంది: “నాకు తెలుసని తెలిస్తే వాళ్లు తట్టుకోలేరు. చిన్నాడు మరీ మెత్తన. నువ్వు చెప్పకు.” కాసేపాగి, పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం అక్కకి రాయాలని ఉందని, ఇప్పుడు రిజిస్ట్రారాఫీసు మాటెత్తితే వీళ్లకి అనుమానం వస్తుందని, కాస్త నెమ్మదించాక చూద్దామని అంది. తర్వాత బత్తాయి పుల్లగా ఉందంటూ ఆ మాట మార్చేసింది.

ఆవిడ చెప్పొద్దంది, నేను చెప్పలేదు. జబ్బు ఆవిడది, కాబట్టి ఎవరికి చెప్పాలో వద్దో తేల్చుకోవాల్సిందీ ఆవిడే. కానీ ఆ ఇంట్లో అప్పుడు ఏం జరుగుతోందో ఆలోచించండి. తల్లి తట్టుకోలేదని కొడుకులు దాస్తున్నారు, కొడుకులు తట్టుకోలేరని తల్లి దాస్తోంది. ఇద్దరూ ఎదుటివాళ్ల మేలు కోరే అబద్ధం ఆడుతున్నారు, ఒకరికి ఒకరు ఆసరాగా ఉండాల్సిన ఆ కొన్ని నెలలూ ఒకే గదిలో కూచుని విడివిడిగా ఏడ్చుకున్నారు. కాస్త నెమ్మదించడం అనేది జరగలేదు. పేగులకి పాకింది, మళ్లీ లేవలేదు.

కర్మకాండలు అయిపోయాక పెద్దన్నయ్య అన్నాడు, అమ్మ చివరిదాకా ధైర్యంగా ఉంది, టెన్షన్ లేకుండా పోయింది, అదే తెలిసుంటే ఆరోజే మంచం పట్టేది, మేం చేసింది కరెక్టే అని. అప్పుడు చెప్పాను, పెద్దమ్మకి మొదటినించీ తెలుసు అన్నయ్యా అని. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “మరి మాకెందుకు చెప్పలేదు?” అన్నాడు.

అరెకరం సంగతి కూడా చెప్పాను. వీలునామా లేకుండా పోయిన హిందూ స్త్రీ ఆస్తి, భర్త లేకపోతే కొడుకులకీ కూతుళ్లకీ సమానంగా వస్తుంది, చట్టం అదే. నీతో అంది సరే, మాతో ఒక్క మాటైనా అనలేదే అన్నారు. అన్నయ్యలు చెడ్డవాళ్లు కాదు, తల్లి నోట వినుంటే ఒక్క క్షణం ఆలోచించకుండా సంతకాలు పెట్టేవాళ్లు. వినే దారి మూసుకుపోయింది. ఇప్పుడు అక్కా పెద్దన్నయ్యా పెళ్లిళ్లలో ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకుంటారు, అంతే.

పెద్దన్నయ్య మాటని నేను చాలాసార్లు తిరగేసి చూశాను. ఆయన తన పనిని ఫలితంతోనే తూచాడు. అమ్మ ధైర్యంగా పోయింది, కాబట్టి దాచడం మంచిదే అయింది. ఆ ధైర్యం తెలియకపోవడం వల్ల వచ్చింది కాదని, తెలిసి కూడా నిలబెట్టుకున్నదని ఆయనకి తెలిసే వీలు లేదు. ఎందుకంటే అమ్మా, నీకెలా ఉంది, నీకేం కావాలి అని మనసు విప్పి అడిగే వీలుని ఆ అబద్ధమే తీసేసింది. ఒక మనిషి మేలు కోసం ఆ మనిషికే అబద్ధం చెప్పినప్పుడు జరిగేది ఇదే. మేలు జరిగిందో లేదో చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షి నోరు మనమే మూసేస్తాం, ఆ తర్వాత ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కాబట్టి అంతా బాగానే జరిగిందంటాం.

కౌశికుడి కథకీ దీనికీ ఉన్న తేడా నాకు ఇక్కడే దొరికింది. కౌశికుడు అబద్ధం ఆడి ఉంటే మోసపోయేది దొంగలు, బతికేది వేరే జనం. ఆ జనాన్ని అడిగితే చెప్పొద్దు స్వామీ అని కాళ్లు పట్టుకునేవాళ్లు. గుమ్మంలో హంతకుడి కథలోనూ అంతే. మన ఇళ్లల్లో ఆడే అబద్ధంలో మోసపోయేదీ, మేలు పొందాల్సిందీ ఒక్కరే. ఆ ఒక్కరినీ అడగం. కృష్ణుడి మాటని తీసుకొచ్చి దీనికి అతికించి, మంచికోసం అబద్ధం ఆడితే తప్పులేదులే అనేస్తాం. ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలిగించేదే మంచి పని అన్న బెంథామ్, మిల్ లాంటి ఇంగ్లిష్ తత్వవేత్తల సిద్ధాంతాన్ని పట్టుకున్నా, సుఖం ఎవరిదో వాళ్లని లెక్కలోంచి తీసేసి కూడితే ఆ లెక్క తప్పే.

ఇదేదో మన దేశంలోనే ఉన్న అలవాటు, తెల్లవాళ్లు మొదటినించీ మొహం మీదే చెప్పేస్తారు అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. 1961లో చికాగోలో డాక్టర్లని అడిగితే, క్యాన్సర్ అని రోగికి చెప్పకుండా ఉండడమే మా పద్ధతి అన్నవాళ్లు నూటికి దాదాపు తొంభై మంది. మరి చెప్తే రోగులు కుంగిపోవడం మీరు చూశారా అని తరిచి చూస్తే, ఆ అభిప్రాయానికి వాళ్ల అనుభవం కంటే ముందునించీ ఉన్న భయాలూ నమ్మకాలే ఆధారమని తేలింది. 1979లో అమెరికాలోనే మళ్లీ అడిగితే 97 శాతం మంది చెప్పడమే మా పద్ధతి అన్నారు. ఇరవై ఏళ్లు కూడా కాలేదు. ఈలోపు మందులు మెరుగయ్యాయి, చెప్పడానికి చావు కబురు ఒక్కటే కాకుండా చికిత్స సంగతి కూడా ఉంది, రోగి ఒప్పుకోలు లేకుండా వైద్యం చెయ్యకూడదన్న ఆలోచనా బలపడింది. ఇవన్నీ ఉన్నాయి. కానీ నన్ను పట్టి ఆపింది మొదటి సంగతి. చెప్తే కుంగిపోతారు అన్నది ఎవరూ చూసి తేల్చిన ఫలితం కాదు, అనుకున్న ఫలితం.

మన దగ్గర 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలో జబ్బు తీవ్రతని పెంచి చెప్పొద్దు, తగ్గించి చెప్పొద్దు అని ఉంది. బాగానే ఉంది. ఆ వెంటనే, రోగికి గానీ బంధువులకి గానీ బాధ్యత గల స్నేహితులకి గానీ, రోగికీ కుటుంబానికీ ఏది మేలో ఆ మేరకి జబ్బు సంగతి తెలిసి ఉండేలా చూడాలి అని ఉంది. ఆ ‘గానీ’లే మన ఇళ్లల్లో జరిగేదానికంతటికీ తలుపు తెరిచి పెట్టాయని నా అభిప్రాయం. రోగికీ కుటుంబానికీ మేలు ఒకటే కాకపోతే? కొడుకులకి ఆ రోజు తప్పించుకోవాలనిపించిన సంభాషణ తల్లికి అవసరమైతే?

దీనికి గట్టి జవాబు ఆస్పత్రి నించి కాకుండా కోర్టు నించి వచ్చింది. 44 ఏళ్ల పెళ్లికాని ఒకామె కడుపులో పరీక్ష కోసం మత్తుమందు తీసుకుంది. ఆమె మత్తులో ఉండగా, గర్భాశయం తీసెయ్యడమే మంచిదని డాక్టరు బయటికి వచ్చి తల్లిని అడిగారు, తల్లి ఒప్పుకుంది, గర్భాశయమూ అండాశయాలూ తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008లో తీర్పు ఇస్తూ, ఆమె తెలివి వచ్చాక తన నిర్ణయం తను చెప్పగల పెద్దమనిషి, అప్పటికప్పుడు చెయ్యకపోతే ప్రాణం పోయే పరిస్థితి కాదు, కాబట్టి తల్లి ఒప్పుకోలు చెల్లదంది. రోగి మేలుకోరి చేశాం, ఇంకోసారి ఆపరేషన్ ఖర్చూ శ్రమా తప్పించాం అన్నది జవాబు కాదంది. డాక్టరు మంచి ఉద్దేశంతోనే చేశారని ఒప్పుకుంటూనే ఆపరేషన్ ఫీజు ఇవ్వక్కర్లేదని, పాతికవేలు పరిహారం కట్టమని చెప్పింది. డబ్బు పెద్ద లెక్క కాదు. ఫలితం మంచిదైనా, అడగకుండా చేస్తే తప్పే అని తేల్చింది చూడండి, అది పెద్ద మాట.

ఇంకోటి కూడా ఉంది. నయం కాని జబ్బులో, చివర్లో నన్ను వెంటిలేటర్ మీద పెట్టొద్దు అని ముందే రాసిపెట్టుకునే హక్కు, లివింగ్ విల్ అంటారు, 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది, 2023లో దాని నిబంధనలు కొంచెం తేలిక చేసింది. తన జబ్బేమిటో తెలీని మనిషి ఏమని రాసుకుంటుంది?

అయితే అందరికీ అన్నీ చెప్పెయ్యాలని నేను అనడం లేదు, అలా అంటే నేనూ ఇంకో కౌశికుణ్ణే. మా నాన్న స్నేహితుడొకాయన బయాప్సీకి ముందే డాక్టరుతో, “ఏమొచ్చినా నాకు చెప్పొద్దండీ, మా అబ్బాయికి చెప్పండి, వాడేం చెయ్యమంటే అది చేస్తా” అన్నాడు. ఆయన వైద్యం చేయించుకున్నాడు, జబ్బు పేరు ఎప్పుడూ అడగలేదు. అందులో తప్పేముంది? తెలుసుకోవద్దని ఆయనే అనుకున్నాడు. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా మనిషిదే, అది కొడుకులు ఇచ్చేది కాదు. నిజానికి దీనికి డాక్టర్ల దగ్గర మంచి పద్ధతే ఉంది. క్యాన్సర్ లాంటి కబురు ఎలా చెప్పాలో ఆరు మెట్లుగా నేర్పే స్పైక్స్ అనే పద్ధతి 2000లో వచ్చింది. అందులో కబురు చెప్పడం నాలుగో మెట్టు. దానికి ముందు, మాట్లాడే చోటు చూసుకున్నాక, రెండు పనులున్నాయి. తన జబ్బు గురించి రోగి ఏమనుకుంటున్నారో అడగాలి, తర్వాత ఎంతవరకు తెలుసుకోవాలని ఉందో అడగాలి. మా పెద్దమ్మని ఈ రెండు ప్రశ్నలు అడిగి ఉంటే ఆవిడే మొత్తం చెప్పేసి ఉండేది.

డాక్టర్లకి టైం ఉండదు, ఓపీ బయట వందమంది కూచుని ఉంటారు, ఒప్పుకుంటాను. పైగా కొడుకులే చేతులు జోడించి అమ్మకి చెప్పకండి సార్ అంటుంటే కాదని చెప్పడం ఏ డాక్టరుకైనా కష్టం, రేపు ఆవిడకి ఏదైనా అయితే మీరు చెప్పబట్టే అని గొడవకొస్తారు. అందుకని ఈ పని ఆస్పత్రి దాకా వెళ్లకముందే, ఒంట్లో బాగున్నప్పుడే ఇంట్లో జరగాలనిపించింది నాకు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అమ్మానాన్నల్ని అడిగాను. భోజనాలయ్యాక, వసారాలో కూచున్నప్పుడు, రేపు ఎప్పుడైనా మీకు పెద్ద జబ్బేదైనా వస్తే మీకు చెప్పాలా వద్దా అని. పండగపూట అవేం మాటలే అని అమ్మ కసురుకుంది. నాన్న మాత్రం చేతిలో పేపరు పక్కన పెట్టి, నాకు మొత్తం చెప్పాల్సిందే, బ్యాంకు పనులూ పొలం కాగితాలూ సర్దుకోవాలి, నన్ను చిన్నపిల్లాణ్ణి చెయ్యొద్దు అన్నారు. అమ్మ అప్పటికి ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున వంటింట్లో కాఫీ కలుపుతూ, జబ్బు ఫలానా అని చెప్పండి గానీ ఎన్నాళ్లుంటానో మాత్రం చెప్పొద్దు, నేనడిగితేనే చెప్పండి అంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ ఇద్దరికీ కావాల్సింది వేరువేరని ఒకరికొకరికి కూడా తెలీదు, నేనైతే ఇద్దరి విషయంలోనూ పొరపాటే ఊహించి ఉండేదాన్ని. ఇద్దరు చెప్పిందీ వాళ్ల మాటల్లోనే ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి, కింద సంతకాలు పెట్టించి, ఆరోగ్యశ్రీ కార్డులూ పాత రిపోర్టులూ ఉండే ఫైల్లో పెట్టాను. తమ్ముడికి ఫోటో తీసి పంపాను. వాడు ఫోన్ చేసి, నాదీ రాసుకో అక్కా అన్నాడు.